ఆ బొమ్మకు కళ్ళు పెట్టింది నేను

చిత్తూరులో ఒక మాట ఇరవై ఏళ్ళుగా నిలిచిపోయి ఉంది. ముస్లిం ఆడపిల్లలకు తెలుగు చెప్పే ఉస్తానీ, అంటే పంతులమ్మ, ఒకామె, పేరుపొందిన ముస్లిం స్త్రీల కథలు పిల్లల కోసం రాసి, అందులో పూజ్యురాలైన ఒక తల్లి బొమ్మకు పెద్దల మాట కాదని కళ్ళు పెట్టించిందనీ, అందుకే ఆమె బడి మూతపడిందనీ ఆ మాట. కొందరు దాన్ని ఆమె పొగరుగా చెబుతారు. ఈ మధ్య ఒక సభలో చదువుకున్న యువకుడొకడు దాన్నే ఆమె ధైర్యంగా చెప్పి చప్పట్లు కొట్టించాడు. నేను మూడో వరుసలో కూర్చుని ఉన్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల వంచుకుని విన్నాను. రెండూ నిజం కాదు. ఆమె కళ్ళు పెట్టమనలేదు. వద్దని నాతో మూడుసార్లు చెప్పింది. పెట్టింది నేను. ఆమె చూసే ఒప్పుకుందని నలుగురి ముందు చెప్పిందీ నేనే.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతోంది. తిరుపతిలో మా ఇంటి పని దేవుడి పటాలు రాయడం. స్టేషను దగ్గర అంగళ్ళవాళ్ళు చట్రం బిగించి యాత్రికులకు అమ్మే పటాలు చాలావరకు మా ఇంట్లోనే తయారయ్యేవి. నాయన గీత గీస్తే నేను రంగులు నింపేవాణ్ణి. నాయనకు చేతులు వణకడం మొదలయ్యాక గీత కూడా నా పాలికి వచ్చింది. ఒళ్ళు, నగలు, పీఠం, వెనక తెర, అన్నీ ఆరాక ఆఖరున కళ్ళు. తెల్లవారి స్నానం చేసి, దీపం పెట్టి, ఒక్క ఊపిరిలో రెండు కళ్ళూ తెరవాలి. కళ్ళు తెరవని బొమ్మ మా గడప దాటకూడదు, దాటితే ఇంటికి కీడు. తెరిచిన కన్ను మళ్ళీ మూయకూడదు. కన్ను వంకరపోయినా దిద్దుకోవడం లేదు. ఆ పటాన్ని తీసుకుపోయి ఏట్లో కలిపేవాళ్ళం. ఈ రెండు కట్టుబాట్లూ నేను అక్షరాలకన్నా ముందు నేర్చుకున్నవి.

చిత్తూరులో ఒక ప్రెస్సు ఫోర్‌మన్ మా వీధివాడే. ఒకసారి ఊరికి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని అడిగాడు.

"ఏమబ్బా, ఎంతకాలం దేవుళ్ళనే గీస్తావు? మనుసుల్ని గీస్తావా?"

"యాడి మనుసుల్ని?"

"రాణుల్ని. సాయిబుల రాణుల్ని. చిత్తూర్లో ఒక ఉస్తానమ్మ ఉండాది. పుస్తకం రాసింది. బొమ్మలకు మనిషి దొరక్క నన్ను పీక్కు తింటా ఉండాది."

నేను ఒప్పుకున్నాను. అచ్చులో నా గీత చూసుకోవాలని కోరిక ఉండేది. పటాల కింద మా పేరు రాసుకునే అలవాటు లేదు.

ఆమె భర్త కోర్టులో గుమాస్తాగా పనిచేసి పోయాడు. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. ఇంటి ముందు గదిలో చాపలు పరిచి ఇరవై మందికి పైగా ఆడపిల్లలకు చదువు చెప్పేది. ఆ వీధుల్లో ఆడపిల్ల తొమ్మిదో పదో ఏట బడి మానేసేది. ఆడమనిషి ఇంట్లో చదువు గనక, మసీదు పెద్దాయన పూచీ పడ్డాడు గనక, ఆ పిల్లల్ని పద్నాలుగో ఏడు దాకా రానిస్తున్నారు. పెద్దాయనకు మామిడికాయల మండీ ఉండేది. ఆయన మనవరాళ్ళు ఇద్దరు అక్కడే చదువుకునేవాళ్ళు.

నేను వరండాలో ముక్కాలిపీట మీద కూర్చునేవాణ్ణి. ఆమె వాకిలి లోపల, సగం మూసిన తలుపు వెనక. కథ చెప్పేది, నేను ఒళ్ళో అట్ట పెట్టుకుని గీసి తలుపు సందులోంచి లోపలికి అందించేవాణ్ణి. తెలుగులో ఎందుకు రాశారమ్మా అని మొదటి రోజే అడిగాను.

"మా పిల్లోల్లు ఇంట్లో మా మాట మాట్లాడతారు, అంగడికి పోతే తెలుగు. కోర్టు కాగితం తెలుగులో వస్తాది. అది సదివేదానికి ఎవుర్నో పిలుసుకొచ్చి, ఆయప్ప ఏం జెప్తే దానికి వేలిముద్ర ఏస్తారు. మా ఆయన బతికినన్నాళ్ళూ ఆ వేలిముద్రలే సూసి సూసి వచ్చేవాడు నాయనా."

మొదట నేను గీసింది ఢిల్లీ గద్దె ఎక్కిన సుల్తానాను. కాగితం లోపలికి పోయింది. తర్వాత గదినిండా పిల్లల నవ్వులు.

"ఏమమ్మా, బాగలేదా?"

"బాగానే ఉండాది నాయనా. గుర్రం బాగుండాది. రాణి మాత్రం మీ తిరుచానూరు అమ్మవారు. చేతిలో తామరపువ్వు తీసేసి కత్తి పెట్టినావు, అంతే."

లోపల ఒక చిన్న గొంతు, "వడ్డాణం కూడా ఉండాది ఉస్తానీ!" అంది. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. నిజమే, నా చేతికి వచ్చిన ఆడమనిషి ఒక్కతే. నడుము దగ్గర వంపు, మోచేతి దగ్గర వంకీ, అన్నీ అవే. ఆమె ఓపిగ్గా నా చేతిని మార్చింది. గుర్రం మీద దూరం పోయే మనిషి వీపు ఎలా ఉంటుందో చెప్పింది. కోట గోడ పగిలితే రాత్రంతా నిలబడి కట్టించిన దక్కను రాణికి చెప్పులకు సున్నం అంటుకోవాలంది. యాత్రికుల దారిలో నీటికాలువ తవ్వించిన బేగం బొమ్మలో బేగంకన్నా నీళ్ళు ముందు కనపడాలంది. నాలుగు నెలల్లో పదకొండు బొమ్మలు వేశాను. వాటిలో కొన్ని ఇప్పటికీ నాకు సిగ్గు కలిగించవు.

పన్నెండోది పుస్తకంలో మొదటి కథ బొమ్మ. ప్రవక్తగారి ఇల్లాలు, బిడారులు పంపి వ్యాపారం చేసిన ఆ తల్లి కథ. దాని సంగతి వచ్చినప్పుడు ఆమె గొంతు మారింది.

"రాణులకు ముఖాలు రాసినావు, సరే. ఆ తల్లికి వొద్దు. ముక్కూ వొద్దు, మూతీ వొద్దు, కండ్లూ వొద్దు. ముసుగు గీసి లోపల తెల్లగా ఇడ్సిపెట్టు. ఒంటెలు రాయి, తక్కెడ రాయి, మూటలు రాయి. ఆ తల్లికి ముఖం రాయడం మాలో తప్పు. పెద్దాయన ఆ మాట మీదనే పుస్తకానికి ఒప్పుకున్నాడు. అందరి ఇండ్లకూ పోయి తానే పూచీ అని చెప్పొచ్చినాడు. అర్థమాయనా?"

"ఆయనమ్మా."

"ఏం అర్థమాయ, చెప్పు."

బడిపిల్లవాడిలా అప్పజెప్పాను. మరునాడు మళ్ళీ చెప్పింది. రైలెక్కే రోజు తలుపు దగ్గరికి వచ్చి మూడోసారి చెప్పింది.

ఆ బొమ్మ తిరుపతిలో మా ఇంట్లో పూర్తి చేశాను. నేను వేసినవాటిలో అదే మంచిది. తక్కెడ పట్టుకున్న చెయ్యి ఒక్కటి బయటికి కనపడుతుంది. వెనక ఒంటెల వరుస. ముసుగులో తెల్లటి ఖాళీ. చూసేకొద్దీ ఆ ఖాళీలో ఏదో ఉన్నట్టే ఉండేది. అలాగే వదిలేసి ఉంటే ఈ రాత లేదు.

మా ఇంటి పరిస్థితి ఇక్కడ చెప్పాలి. దీన్ని సాకుగా చెప్పడం లేదు. జరిగింది గనక చెబుతున్నాను. మా మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. నా భార్యకు మూడోసారి ఎనిమిది నెలలు నిండాయి. కాళ్ళు వాచి గోడ పట్టుకుని నడుస్తోంది. మద్రాసుకు పోయి బొమ్మలకు అచ్చు వేసే రేకు బ్లాకులు చేయించవలసిన రోజు పొద్దున, నేను అట్టలు గుడ్డలో చుడుతుంటే నాయన వచ్చి ఒక్కొక్కటే చూశాడు. పన్నెండోది చూసి కింద పెట్టేశాడు.

"ఇది యాడికి తీసుకపోతా ఉండావు?"

"మద్రాసుకు. అన్నిటితో బాటే."

"కండ్లు?"

"ఆ తల్లికి కండ్లు పెట్టకూడదంట నాయనా. వాళ్ళ కట్టుబాటు."

"వాళ్ళది వాళ్ళు సూసుకుంటారు. మన గడప సంగతేంది? లోపల కోడలు ఉండాది. ఇప్పుడా కన్ను తెరవని బొమ్మను దాటించేది?"

లోపల నా భార్య మెలకువగానే ఉంది. వంటింటి గోడకు ఆనుకుని నా వైపు చూసింది, అంతే. నాయన నూనె ఒంచి దీపం వెలిగించాడు.

అప్పుడు నాకొక తెలివి పుట్టింది. గడప దాటేదాకా కదా కట్టుబాటు. ఇక్కడ కళ్ళు తెరిచి, దారిలో తెల్లరంగు పూసేస్తే ఇద్దరి మాటా నిలుస్తుందనుకున్నాను. ఇంతకన్నా అల్పమైన ఆలోచన నా జన్మలో చేయలేదు. స్నానం చేసి వచ్చి కూర్చున్నాను. రెండు సన్నటి గీతలు, రెండు చుక్కలు. ముక్కు, నోరు రాయలేదు. ఆ కళ్ళు కూడా భక్తితోనే పెట్టాను. తెల్లరంగు బుడ్డి, సన్న కుంచె అంగీ జేబులో వేసుకుని బయల్దేరాను.

రేణిగుంటలో రైలు మారాలి. మద్రాసు బండికి రెండు గంటలు ఆలస్యం. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల మీద అట్ట విప్పి, రంగు కలిపి, కుంచె ముంచాను. ఆ కళ్ళు నన్ను చూస్తున్నాయి. తెరిచిన కన్ను మూయకూడదు. మూసిన మరుక్షణం ఇంట్లో ఏమవుతుందో అని భయం వేసింది. కుంచె మీద రంగు ఎండిపోయింది. మళ్ళీ ముంచాను. మళ్ళీ ఎండింది. పక్కన మూట మీద కూర్చున్న ముసలామె, "ఏమి నాయనా, ఏడుస్తా ఉండావు, ఎవురన్నా పొయినారా?" అని అడిగింది. లేదన్నాను. బండి వచ్చింది. అట్ట చుట్టి ఎక్కేశాను.

బ్లాకులు చేసేవాడికి ఆ పన్నెండూ ఒకటే. కళ్ళది సన్నగీత గదా, రేకు మీద ఎక్కకపోవచ్చు అని ఆశపడ్డాను.

నేను మద్రాసులో ఉండగానే ఇంట్లో నొప్పులు వచ్చాయి. తిరిగి వచ్చేసరికి ఆడపిల్ల. బతికింది. నాయన నా వైపు చూసి తల ఊపాడు. ఆ సంతోషంలో నేను నాలుగు రోజులు చిత్తూరు సంగతే తలచుకోలేదు.

ఐదో రోజు బ్లాకుల పార్సెలు చేరిందని ఫోర్‌మన్ కబురు పెడితే చిత్తూరు ప్రెస్సుకు పోయాను. యుద్ధం రోజుల్లో కాగితం కంట్రోలులో ఉండేది. పెద్దాయన కలెక్టరు కచేరీ చుట్టూ తిరిగి సంపాదించిన కాగితాన్ని గడువులోపల అచ్చు వేయకపోతే వెనక్కి ఇచ్చేయాలి. ఫోర్‌మన్ హడావుడిలో ఉన్నాడు.

"బొమ్మలన్నీ ఉస్తానమ్మ సూసిందా? ఇప్పుడే మిషనుకు ఎక్కిస్తా ఉండా."

ఆమె ఇల్లు అక్కడికి రెండు వీధులు. పోయి చెప్పి ఉండవచ్చు. ఆ ఒక్క బ్లాకు తీసేస్తే సరిపోయేది.

"సూసింది," అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఆమె ముఖం చూడవలసి వస్తుందని అయి ఉంటుంది. గీత సన్నమే కదా అని ఇంకా ఆశ కూడా ఉంది. అచ్చుపడిన మొదటి ఫారం కాగితం మిషను కిందనుంచి బయటికి వచ్చినప్పుడు ఆ ఆశ పోయింది. అట్ట మీద వెంట్రుకలా ఉన్న గీత అచ్చులో బలిసి నల్లగా కూర్చుంది. మిగతా బొమ్మ అంతా వెనక్కి పోయి ఆ రెండు కళ్ళే ముందుకు వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే ప్రెస్సు తలుపు తీయకముందే పోయి నిలబడ్డాను. ఫోర్‌మన్ రాగానే చేతులు పట్టుకున్నాను.

"ఆ ఫారాలు కుట్టుకు పంపొద్దప్పా. నాకు ఒక్క దినం ఇయ్యి."

"ఏమాయ?"

"కండ్లు తీసేయాల."

"నిన్న సూసింది అంటివే?"

నేను జేబులోంచి తెల్లరంగు బుడ్డి తీశాను. అతను నన్ను ఒకసారి చూసి, తాళంచెవి తీసి, వెనక గదిలో ఫారాల దొంతర చూపించాడు. కూర్చుని ఒక్కొక్క కాగితం మీద తెల్లరంగు పెట్టడం మొదలుపెట్టాను. రేణిగుంటలో ఆడని చెయ్యి ఆ రోజు ఆడింది. అచ్చు బొమ్మ నేను రాసింది కాదు, మిషను రాసింది అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ యుద్ధపు కాగితం తెల్లగా ఉండదు, మాసిన మట్టిరంగు. దాని మీద నా తెల్లరంగు కట్టు కట్టినట్టు మెరిసింది. కళ్ళు పోయిన మనిషికి గంతలు కట్టినట్టుంది. రంగులో కొంచెం మట్టి కలిపాను, మచ్చలా అయింది. బ్లేడుతో గీకాను, కాగితం చిరిగింది. మధ్యాహ్నానికి ముప్పై దాకా పాడుచేసి ఉంటాను. ఫోర్‌మన్ వచ్చి వాటిని చూశాడు.

"వొదిలేయ్ సామీ. ఇట్ల చేస్తే ఇంకా పెద్ద తప్పుగా కనపడతాది. పోయి ఆయమ్మతో చెప్పు."

"పోతాను."

పోయాను. ఆమె వీధి మలుపు దాకా పోయాను. గదిలోంచి పిల్లలు పాఠం అప్పజెప్పే గొంతులు వినపడుతున్నాయి. వెనక్కి తిరిగి స్టేషనుకు వచ్చి పాకాల బండి ఎక్కాను. నేను ఆమెతో చెప్పే ఉంటానని, గడువు దగ్గరపడిందని ఫోర్‌మన్ ఫారాలు కుట్టుకు పంపేశాడు.

పుస్తకాలు పిల్లలకు పంచే రోజు నన్ను పిలిపించారు. పిలుపు వస్తే పోకపోవడానికి కూడా ధైర్యం కావాలి. వరండాలో పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పక్కన మసీదు జమాతు వాళ్ళు నలుగురు. పిల్లలు గదిలో, ఉస్తానీ ఎప్పటిలా తలుపు వెనక. కట్ట విప్పి పెద్దాయన మొదటి పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. తెరిచాడు. మొదటి కథ బొమ్మ దగ్గరే ఆగిపోయాడు. మూసి, ఒళ్ళో పెట్టుకుని, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏమప్పా," అన్నాడు నాతో, గొంతు పెంచకుండా. "ఈ కండ్లు ఎవురు పెట్టమన్నారు?"

అక్కడున్న వాళ్ళలో ఒకడు పుస్తకం లాక్కుని చూసి లేచి నిలబడ్డాడు. పెద్దాయన చెయ్యి ఎత్తి అతణ్ణి కూర్చోబెట్టాడు.

"నీకు మా సంగతి తెలీదు, అది నీ తప్పు గాదు. నీకు చెప్పినారా లేదా, అంతే అడుగుతా ఉండా. ఉస్తానీ చెప్పిందా నీకు?"

చెప్పిందనాలి. మూడుసార్లు చెప్పిందనాలి. నా నోట్లోంచి వచ్చింది ఇది.

"అన్నీ ఉస్తానమ్మ సూసినాకనే పంపినాము పెద్దాయనా."

తలుపు వెనకనుంచి ఆమె కాదంటుందని నేను ఎదురుచూశాను. నిజంగా ఎదురుచూశాను. అనేస్తే నేను ఒప్పుకుని కాళ్ళ మీద పడిపోదామనుకున్నాను. ఆ పని కూడా ఆమే చేయాలని చూశాను.

"సూసినానా నాయనా?" అంది చివరికి. అడిగినట్టు లేదు. నా మాట నాకే తిరిగి ఇచ్చినట్టుంది.

నేను నేల చూశాను.

"పుస్తకం నాది," అంది ఆమె పెద్దాయనతో. "దాంట్లో ఏం తప్పుండినా జవాబు నాది. ఆయప్పను పోనియ్యండి."

"పదైదు ఇండ్లకు మాటిచ్చినానమ్మా," అన్నాడు పెద్దాయన. "ఒక్కొక్క గడపా తొక్కి ఇచ్చినాను. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని పోయేది?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

ఎవరూ గొడవ చేయలేదు. రాళ్ళు పడ్డాయని తర్వాత కొందరు చెప్పుకున్నారు. అదీ అబద్ధమే. పుస్తకాలు కట్టలతో సహా పెద్దాయన ఇంటికి పోయాయి. పిల్లలు మాత్రం ఒకరొకరుగా రావడం మానేశారు. మొదట పెద్దపిల్లలు, తర్వాత వాళ్ళ చెల్లెళ్ళు. పెద్దాయన తన మనవరాళ్ళను ఆఖరిదాకా పంపాడు. గదిలో ఆ ఇద్దరే మిగిలాక, తల్లులు ఒప్పుకోక వాళ్ళూ ఆగారు. ఇవన్నీ ఫోర్‌మన్ చెబితే తెలిసినవి.

నెల దాటాక ఆమె దగ్గరికి పోయాను. తలుపు పూర్తిగా తెరిచే ఉంది. చాపలు చుట్టి మూలన నిలబెట్టి ఉన్నాయి. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి ముసుగు సర్దుకుంది, లేవలేదు.

అంతా చెప్పాను. నాయన మాట, దీపం, నా భార్య, రేణిగుంట బల్ల.

"బిడ్డ బాగుండాదా?" అంది.

"బాగుండాదమ్మా."

"సరే."

"నేను పెద్దాయనతో చెప్తానమ్మా."

"ఎప్పుడు చెప్తావు?"

"రేపే."

ఆమె చేటలో బియ్యం ఒక పక్కకు జరిపింది. "నాకోసరం వొద్దు నాయనా. నాకేముండాది, మా తమ్ముడు ఆంబూరులో ఉండాడు, పోతాను. ఆ పిల్లోల్ల కోసరం చెప్పు. తొందరగా చెప్పు. నా ఈడు గాదు వాళ్ళది. వాళ్ళకు ఒక్కొక్క నెలా పోతా ఉండాది."

మరునాడు పోలేదు. ఆ వారం పోలేదు. మండీ దాకా రెండుసార్లు పోయి, గడ్డిలో పండ్లు పేర్చే కూలీల మధ్య నిలబడి, పెద్దాయన తల ఎత్తేలోపల వచ్చేశాను. మా ఊళ్ళో నా పటాలు కొనే అంగళ్ళ వాళ్ళకు తెలిస్తే ఏమంటారో అనుకున్నాను. నాయనకు తెలిస్తే ఏమంటాడో అనుకున్నాను. ఇంట్లో పసిపిల్ల నవ్వడం నేర్చుకుంటోంది. ఉస్తానీ ఆంబూరు పోయిందని విన్నాను.

రెండేళ్ళ తర్వాత చెప్పాను. నాయన పోయాక. మండీలో పెద్దాయన ఎదుట కూర్చుని మొదటినుంచి చివరిదాకా చెప్పాను. అయిపోయాక ఆయన అడిగాడు.

"ఇప్పుడా అప్పా?"

"తప్పయిపాయ పెద్దాయనా."

"ఆ ఆడబిడ్డల్లో ఎనిమిది మందికి పెండ్లిండ్లు అయిపాయ. నా పెద్ద మనవరాలు మొన్ననే వాణియంబాడికి పాయ. మంచి చదువరి అది." ముందున్న లెక్కల పుస్తకం మూశాడు. "నేను ఆయమ్మను ఒక్క మాట అనలేదు, కానీ నమ్మినాను. అది నా తప్పు. జుమ్మా నాడు రా. నమాజు అయినాక మసీదు బయట అందరూ ఉంటారు. నువ్వే చెప్పు. నా పక్కన నిలబడు, నిన్ను ఎవురూ ఏమీ అనకుండా నేను సూసుకుంటా. ఉస్తానీని మళ్ళీ పిలిపిస్తాము. చిన్నపిల్లోల్లు ఇంకా ఉండారు గదా."

శుక్రవారం పొద్దున చిత్తూరులో దిగాను. ఎండ బాగా ఉంది. మసీదు వీధి మొగలో సోడా బండి పక్కన నిలబడ్డాను. మధ్యాహ్నం నమాజు ముగిసి జనం బయటికి వచ్చారు. పెద్దాయన మెట్ల మీద ఆగి, చేతిని నుదుటికి అడ్డం పెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. నేను సోడా బండి వెనక్కి జరిగాను. నలుగురు ఆయన చుట్టూ చేరి ఏదో అడిగారు. ఆయన ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. చాలాసేపు అలాగే నిలబెట్టాడు వాళ్ళను. తర్వాత వాళ్ళు చెదిరిపోయారు. ఆయన ఒక్కడే ఇంకా కాసేపు నిలబడి, చెప్పులు తొడుక్కుని ఇంటి వైపు నడిచాడు.

ఆయన పోయి పదేళ్ళు దాటింది. నా మాట నేనే చెప్పుకోవాలని కాబోలు, ఆయన ఎవరికీ చెప్పలేదు. ఉస్తానీ ఆంబూరులో ఎంతకాలం బతికిందో, అక్కడ ఎవరికైనా చదువు చెప్పిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడానికి పోలేదు. అది కూడా ఇక్కడ రాస్తున్నాను.

ఆ గదిలో నవ్విన పిల్లలకు ఇప్పుడు ముప్పై ఏళ్ళు దాటి ఉంటాయి. పిల్లల తల్లులై ఉంటారు. వాణియంబాడిలోనో, చిత్తూరులోనో, మదనపల్లెలోనో ఉంటారు. మీకే చెబుతున్నాను, మీ ఉస్తానీ మీ పెద్దలకిచ్చిన మాట తప్పలేదు. ఆమె ఆ బొమ్మను అచ్చయ్యేదాకా చూడలేదు. మీలో కొందరికి తెలుగు చదవడం రాకముందే ఆమె గది మూతపడింది. చదవడం వచ్చినవాళ్ళు ఇది చదివి, రానివాళ్ళకు చదివి వినిపించండి.